పెరిగిన చోటు, పెరగని వేగం

హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కల వీధుల్లో సినిమా పని చాలావరకు బయటికి కనిపించకుండా సాగిపోతుంటుంది. కింద టిఫిన్ సెంటరో మొబైల్ రిపేర్ షాపో ఉంటుంది. పైన రెండో అంతస్తులో, కిటికీలకు నల్ల తెరలు వేసిన గదుల్లో ఎడిటింగ్ నడుస్తుంటుంది. నేను వెళ్లి చూసింది అలాంటి ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియో. ఎడిటింగ్ గదులు, కలర్ చేసే డీఐ సూట్, సౌండ్ గది, వీటన్నిటి నడుమ ఒకప్పుడు స్టోర్‌రూమ్‌గా కట్టిన చిన్న గది. ఆ చిన్న గదిలో ఏసీ రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఒక ర్యాకు, అందులో ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా అందరికీ అందించే, ఎనిమిదేసి డిస్కులు పట్టే నాస్ పెట్టెలు రెండు, ఒక స్విచ్, కింద యూపీఎస్. ఫుటేజ్ ఎవరి కంప్యూటర్‌లోనూ విడిగా ఉండదు. స్టూడియోలో ఎవరు ఏ షాట్ తెరిచినా అది ఈ గదిలోంచే నెట్‌వర్క్ కేబుల్ మీదుగా వాళ్ల స్క్రీన్‌కి చేరాలి.

ఇలాంటి చోట్ల ఎవరిని కదిపినా రెండే ఫిర్యాదులు. చోటు చాలడం లేదు, స్టోరేజ్ స్లో అయింది. వీటిని రెండు వేర్వేరు జబ్బులుగా చూడటం అలవాటు. చోటుకు పెద్ద డిస్కులు కొంటారు, వేగానికి కొత్త స్విచ్ కొంటారు. ఆ గదిని, చుట్టూ జరిగే పనిని దగ్గర నుంచి చూశాక నేను వచ్చిన నిర్ణయం వేరు. ఈ రెండూ ఒకే లెక్కలో రెండు అంకెలు. పెద్ద డిస్కులు వేసి చోటు పెంచిన ప్రతిసారీ, ఒక్కో టెరాబైట్ వాటాకు వచ్చే వేగం తగ్గుతుంది. ఆ సంగతి పట్టించుకోకుండా పెట్టే ఖర్చు కొద్ది నెలల్లోనే మళ్లీ పాత ఫిర్యాదు దగ్గరికే తెచ్చి నిలబెడుతుంది. పనిలో ఉన్న డేటాను, దాచుకునే డేటాను వేరు చేయడమే మొదటి మెరుగుదల అని, మిగతా కొనుగోళ్లన్నీ దాని తర్వాతే రావాలని నా వాదన.

ఈ వాదనకు మూలం ఆ స్టూడియోలో ఇంజనీరు టేబుల్ మీదే ఉంది. పనికిరాకుండా పోయిన ఒక హార్డ్ డిస్కు పైమూత విప్పి పెట్టుకున్నాడాయన. అద్దంలా మెరిసే పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి అంచున దువ్వెన పళ్లలాంటి సన్నని చేతులు, ప్రతి చేతి కొసన గింజంత తల. ఆ చేతుల్ని వేలితో మెల్లగా తోశాడు. అన్నీ కలిసే కదిలాయి. "ఇవన్నీ ఒకే ఇరుసుకు బిగించినవి సార్. పై తల ఏ వరస మీదికి వెళ్తే అడుగు తల కూడా ఆ వరస మీదికే పోవాలి. ఒక్కొక్కటీ ఒక్కో చోట చదవడమన్నది ఉండదు" అన్నాడు. మామూలు నాస్ డిస్కులన్నిటి నిర్మాణమూ ఇదే. పెద్ద డేటా సెంటర్ల కోసం చేతులు రెండు గుంపులుగా విడివిడిగా కదిలే డిస్కులు వచ్చాయి కానీ, ఇలాంటి స్టూడియోల కొనుగోళ్లలో అవి కనిపించవు.

ఆ చెయ్యి ఎంత పని చేయగలదో లెక్క కట్టడం కష్టం కాదు. డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క తల కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే నాలుగుకు కాస్త పైన. చెయ్యి సరైన వరసకు జరగడానికి సుమారు ఎనిమిది. మొత్తం పన్నెండు మిల్లీసెకన్లు. చెదురుమదురుగా ఉన్న ముక్కల్ని ఏరుకురావలసి వస్తే ఒక డిస్కు సెకనుకు ఎనభై సార్లకు అటూఇటూ మాత్రమే వెళ్లి రాగలదు. 2007లో హిటాచీ తెచ్చిన 1 టెరాబైట్ డిస్కు కూడా 7,200 చుట్లదే, ఇవాళ్టి 20 టెరాబైట్ల డిస్కు కూడా 7,200 చుట్లదే. గోదాము ఇరవై రెట్లు పెరిగింది, సరుకు తీసి ఇచ్చే గుమాస్తా ఒక్కడే మిగిలాడు. అప్పుడు టెరాబైట్‌కి ఎనభై రాకపోకలు దక్కేవి, ఇప్పుడు నాలుగు దక్కుతున్నాయి. వరసగా చదివే వేగం కొంత పెరిగిన మాట నిజమే. అయినా మొదటి నుంచి చివరి దాకా చదవడానికి ఆ 1 టెరాబైట్ డిస్కుకు సుమారు నాలుగు గంటలు సరిపోయేది. 20 టెరాబైట్ల డిస్కుకు సగటున సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున చూసినా లక్ష సెకన్లు కావాలి, అంటే ఇరవై ఏడు గంటల పైమాటే.

చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతి పుట్టింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రం, మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం చేసిన ఒక ఖరీదైన పెద్ద డిస్కు బదులు పీసీల్లో వాడే చిన్న చవక డిస్కులు అనేకం పెట్టమంది. డిస్కులు ఎక్కువైతే చేతులూ ఎక్కువ, అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. వాటిలో ఒకటి పోయినా నష్టం లేకుండా అదనపు సమాచారం రాసి ఉంచుకోవాలి. ఆ పత్రం ఉద్దేశంలో వేగానికీ భద్రతకూ సమాన స్థానం ఉంది. ఇవాళ మనం రెయిడ్ పెట్టుకుంటూనే అందులో సగాన్ని వదిలేశాం. 10 టెరాబైట్ల డిస్కులు పదహారు వేసినా, 20 టెరాబైట్లవి ఎనిమిది వేసినా పెట్టె మీద రాసే సంఖ్య 160 టెరాబైట్లే, కానీ మొదటి దానిలో చేతులు రెట్టింపు. డిస్కులు ఎక్కువైతే కరెంటూ ఎక్కువ, వేడీ ఎక్కువ, పాడయ్యే అవకాశమూ ఎక్కువ అంటారు. కాదనను. అందుకే ప్రతిచోటా చిన్న డిస్కులే వాడమనడం నా ఉద్దేశం కాదు. రోజూ పది మంది తెరిచే డేటాకు ఎక్కువ చేతులు కావాలి, ఏడాదికోసారి తెరిచే డేటాకు పెద్ద డిస్కులు చాలు. రెండిటినీ ఒకే పెట్టెలో కలిపేస్తే ఏ డిస్కు కొన్నా తప్పే అవుతుంది.

వీడియో పని తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. వీడియో అంటే వరసగా చదివే డేటా, చెయ్యి అటూఇటూ పరిగెత్తే అవసరం ఎక్కడుంది, ఎనభై లెక్క డేటాబేస్‌లకు కదా అని. ఒక్కరు ఒక్క షాట్ చూస్తున్నంతసేపు ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద మూడు కెమెరాల షాట్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎనిమిది గదుల్లో ఎనిమిది మంది అలాంటి టైమ్‌లైన్లు నడిపితే డిస్కుకు వచ్చేవి ఇరవై నాలుగు వేర్వేరు వరసలు. ప్రతి వరసా తన మటుకు తాను తిన్ననిదే, డిస్కు చేతికి మాత్రం అది ఇరవై నాలుగు చోట్లకు పరుగు. నాస్‌లోని సాఫ్ట్‌వేర్ ముందుచూపుతో కాస్త ఎక్కువ చదివి మెమరీలో పెట్టుకుని ఈ పరుగును తగ్గిస్తుంది. అందుకే మెమరీ పెంచడం అన్నిటికంటే చవకైన మెరుగుదల. ఆ మెమరీకీ హద్దుంది. మధ్యాహ్నం షూటింగ్ నుంచి కార్డులు వచ్చి ఒకవైపు కాపీ మొదలై, మరోవైపు సౌండ్ వాళ్లు తమ ఫైళ్లు లాక్కుంటున్న వేళ ఆ హద్దు దాటిపోతుంది. అసిస్టెంట్ ఎడిటర్ తలుపు తోసుకొచ్చి "అన్నా, ప్లేబ్యాక్ కొట్టుకుంటోంది" అనేది ఆ వేళలోనే. రాత్రి పదింటికి అదే ఫైలు అదే కంప్యూటర్‌లో సాఫీగా నడుస్తుంది. ఫిర్యాదుతో పాటు దాని సమయం కూడా రాసుకునే అలవాటు ఈ స్టూడియోలో ఉండటం నాకు బాగా నచ్చింది. లోపం ఎక్కడుందో సగం ఆ గడియారమే చెబుతుంది.

మిగతా సగం కొలిస్తేనే తెలుస్తుంది. నేనున్నప్పుడు జరిగిన ఒక పరీక్ష చెప్పుకోదగ్గది. ఒక గది నుంచి మాత్రం ఎప్పుడూ స్లో అన్న ఫిర్యాదే. ఇంజనీరు డిస్కుల జోలికి పోకుండా, కేవలం కేబుల్ మీద ఎంత డేటా పారుతుందో చూపించే చిన్న ప్రోగ్రామ్ నడిపాడు. పక్క గదిలో సెకనుకు 940 మెగాబిట్లు వచ్చాయి. గిగాబిట్ లైను మీద నిజంగా అందేది అంతే, మెగాబైట్లలో చెప్పాలంటే సుమారు 117. ఫిర్యాదు వచ్చిన గదిలో 94 దగ్గర ఆగింది. సంఖ్య సరిగ్గా పదో వంతుకు పడిపోవడం చూడగానే ఆయన స్విచ్ దగ్గరికి వెళ్లకుండా గోడకున్న సాకెట్ విప్పాడు. కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. కొన్ని జతల్లో ఒకటి తెగినా వదులైనా లైను ఏ హెచ్చరికా లేకుండా వంద మెగాబిట్లకు దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది. లోపల గోధుమ రంగు తీగ ఒకటి పట్టు జారి ఉంది. దాన్ని తిరిగి నొక్కాక 940 వచ్చింది. ఆ గది కోసం కొత్త ఎస్‌ఎస్‌డీలు కొని ఉంటే, అవి ఎంత వేగమైనవైనా వదులైన తీగ వెనకే కూర్చునేవి.

నెట్‌వర్క్ గురించి రెండు అపోహలు గట్టిగా పాతుకుపోయాయి. నాస్ వెనక రెండు గిగాబిట్ కేబుళ్లు పెట్టి కలిపేస్తే వేగం రెట్టింపవుతుందన్నది మొదటిది. అలా కలపడం వల్ల ఇద్దరు వాడుకరులు ఒకరికొకరు అడ్డురాకుండా పోతారు తప్ప, ఒక్కరికి మామూలుగా అందేది ఒక లైను వేగమే. ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతి మూడో వెర్షన్‌లో ఒకే కంప్యూటర్ రెండు లైన్లను కలిపి వాడుకునే ఏర్పాటు ఉంది కానీ, దానికి రెండు వైపులా రెండేసి లైన్లు ఉండి, రెండు వైపులా ఆ ఏర్పాటు ఆన్ చేసి ఉండాలి. అందరి కంప్యూటర్లకూ పది గిగాబిట్లు ఇవ్వాలన్నది రెండో అపోహ. నాస్ నుంచి స్విచ్ దాకా పది గిగాబిట్ల లైను వేసి, స్విచ్ నుంచి గదులకు పాత గిగాబిట్ లైన్లు ఉంచినా ఎనిమిది గదులూ పూర్తి వేగంతో ఒకేసారి నడుస్తాయి. ఇంకొంచెం కావాలంటే 2016లో ప్రమాణంగా వచ్చిన రెండున్నర గిగాబిట్ల పద్ధతి పాత క్యాట్ 5ఈ కేబుల్ మీదే వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, ఫాల్స్ సీలింగ్ విప్పే పని ఉండదు. పది గిగాబిట్లకైతే క్యాట్ 6 మీద 55 మీటర్లు, క్యాట్ 6ఏ మీద వంద మీటర్లు హద్దు.

అయితే గదులకు గిగాబిట్ సరిపోవాలంటే ఆ లైను మీద ఏం పారిస్తున్నామన్నది ముఖ్యం. 4కే సైజులో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫైలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సుమారు 754 మెగాబిట్లు తింటుంది. గిగాబిట్ లైను మీద ఒకటి నడుస్తుంది, రెండోది నడవదు. అదే షాట్‌కు హెచ్‌డీ సైజులో తేలికపాటి నకలు, అంటే ప్రాక్సీ ఫైలు, తయారు చేసుకుంటే 36 మెగాబిట్లు చాలు. అదే తీగ మీద ఇరవై ఆరు షాట్లు పడతాయి. కథను కోసి అతికే పనికి ప్రాక్సీలో లోటేమీ ఉండదు, చివర్లో అసలు ఫైళ్లకు కలుపుకుంటారు. ప్రాక్సీలు చేయడానికి టైమ్ పోతుందని, ఫోకస్ సరిగా తెలియదని కొందరు ఎడిటర్లు ఒప్పుకోరు. ఫోకస్ అనుమానం వచ్చిన షాట్‌ను అసలు ఫైలులో తెరిచి చూడటానికి ఎవరూ అడ్డు చెప్పరు. టైమ్ అంటారా, కార్డుల కాపీ అయ్యాక రాత్రంతా మెషీన్లు ఖాళీగానే ఉంటాయి. ప్రాక్సీల మొత్తం పరిమాణం చిన్నది కాబట్టి వాటిని ఒక జత ఎస్‌ఎస్‌డీల మీద పెట్టుకోవచ్చు. అప్పుడు ఎనిమిది గదుల పరుగంతా హార్డ్ డిస్కుల మీద నుంచి దిగిపోతుంది. కొన్ని వందల టెరాబైట్లకు కావలసిన వేగాన్ని కొద్ది టెరాబైట్లలోనే సంపాదించడం ఇదే.

డీఐ సూట్ సంగతి వేరు. అక్కడ ప్రాక్సీ పనికిరాదు, ప్రతి పిక్సెల్ చూడాలి. అక్కడ వాడే డీపీఎక్స్ పద్ధతిలో పది బిట్ల 4కే ఫ్రేము ఒక్కొక్కటి సుమారు 35.4 మెగాబైట్లు. సెకనుకు 24 ఫ్రేములంటే 849 మెగాబైట్లు. పది గిగాబిట్ల లైను మీద చక్కగా అమరితే 1,100 మెగాబైట్ల దాకా వస్తాయి కాబట్టి ఒక్క ప్లేబ్యాక్‌కు సరిపోతుంది, అది కూడా డిస్కులు అంత ఇవ్వగలిగితేనే. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే డీపీఎక్స్‌లో ఫ్రేముకొక ఫైలు. రెండున్నర గంటల సినిమాకు 2,16,000 ఫైళ్లు, పరిమాణం సుమారు 7.6 టెరాబైట్లు. లక్షల ఫైళ్లున్న ఫోల్డర్‌ను తెరిస్తే ముందు పేర్లు, తేదీలు, సైజులు చదవాలి. ఆ చిన్న చిన్న వివరాల కోసం డిస్కు చెయ్యి ఊరంతా తిరుగుతుంది, సెకనుకు ఎనభై లెక్క ఇక్కడ తన ప్రతాపం చూపిస్తుంది. ఆ వివరాలను మాత్రం ఎస్‌ఎస్‌డీ మీద ఉంచే వీలు జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ వ్యవస్థల్లో ఉంది. ఆ ఎస్‌ఎస్‌డీలు జంటగా ఉండి తీరాలి, అవి పోతే ఫైళ్ల ఆచూకీ మొత్తం పోతుంది. విండోస్‌లో బొమ్మల థంబ్‌నెయిల్స్ ఆపడం, ఆ ఫోల్డర్లను యాంటీవైరస్ తనిఖీ నుంచి తప్పించడం పైసా ఖర్చు లేని పనులు. ఈ స్టూడియోలో కలర్ చేసే రీలును ముందురోజు రాత్రే డీఐ మెషీన్‌లోని ఎన్‌వీఎంఈ డిస్కులోకి దించుకుంటారు. నాస్ మీద నుంచి నేరుగా నడపాలన్న పట్టుదల వాళ్లకు లేదు, అదే సరైన తీరనిపించింది.

ఇన్ని తిప్పలెందుకు, మొత్తం ఎస్‌ఎస్‌డీలే వేస్తే పోలా అనే ప్రశ్న సహజం. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, జరిగే చెయ్యి లేదు, నా వాదనలో సగం అక్కడితో కూలిపోతుంది. కానీ అదే చోటుకు హార్డ్ డిస్కుతో పోలిస్తే అనేక రెట్లు ధర పెట్టాలి. అంత పెట్టాక గదులకు గిగాబిట్ లైన్లే ఉంటే ఆ వేగంలో చాలా భాగం ర్యాకు దాటి బయటికి రాదు. అన్నిటికీ మించి, విడుదలై మూడేళ్లయిన సినిమా రషెస్‌ను, అంటే షూటింగ్‌లో తీసిన అసలు ఫుటేజ్‌ను, అత్యంత ఖరీదైన చోట ఉంచడంలో అర్థం లేదు. వేగం డబ్బుతో కొనేది అయినప్పుడు, ఏ ఫైలుకు కొంటున్నామో తెలిసి ఉండాలి.

చోటు దగ్గరికి వస్తే, పెట్టె మీద రాసింది, చేతికి వచ్చేది ఒకటి కావు. 20 టెరాబైట్ల డిస్కును విండోస్ 18.19 గా చూపిస్తుంది. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. ఎనిమిది డిస్కుల్లో, రెండు పాడైనా తట్టుకునే రెయిడ్ 6 కు రెండు పోతే మిగిలేది అదే లెక్కలో 109. అందులోనూ చివరి గజం దాకా నింపకూడదు. ఎనభై శాతం దాటితే ఖాళీ జాగా చిన్న చిన్న ముక్కలుగా మిగిలి, కొత్త ఫైలు వరసగా కూర్చోవడానికి చోటు దొరకదు. పైగా డిస్కు అంచున ఉండే పొడవైన వరసలు ముందు నిండుతాయి. చివరికి మిగిలే లోపలి వరసల వేగం అంచుతో పోలిస్తే సుమారు సగం. కాబట్టి ధైర్యంగా వాడుకోదగ్గది 87. అంటే 160 అని కొన్న పెట్టె విలువ పని దగ్గరికి వచ్చేసరికి సగానికి కాస్త పైన ఉంటుంది. కొనేటప్పుడు కొటేషన్‌లో ఈ చివరి సంఖ్య కూడా రాయమని అడగడం ప్రతి నిర్వాహకుడి హక్కు.

మరి నింపుతున్నది ఏమిటి? ఫోల్డర్లను సైజు క్రమంలో చూపించే ప్రోగ్రామ్‌ను ఇంజనీరు నా ముందు తెరిచాడు. పైవరసలో కనిపించినవి కొత్త సినిమాల రషెస్ కావు. ఎప్పుడైనా మళ్లీ తయారు చేసుకోగల రెండర్ క్యాషేలు, పూర్తయిన సినిమాల ఎక్స్‌పోర్టులు, ఒకే రోజు రషెస్‌కు గ్రాఫిక్స్ వాళ్లు ఒకటి, సౌండ్ వాళ్లు ఒకటి చేసుకున్న కాపీలు. వీడియో ఇంకా కుదించడానికి లొంగదు. కాపీల్ని గుర్తించి ఒకటిగా చేసే సాఫ్ట్‌వేర్ సదుపాయాలు మెమరీని విపరీతంగా మింగుతాయి. మనిషి చూసి తీసేయడమే మంచి దారి. దీనికి వచ్చే ఎదురుమాట బలమైనది. మనిషి జీతం కన్నా డిస్కు చవక, ఏరుతూ కూర్చునే బదులు ఇంకో డిస్కు కొనడం తెలివి అంటారు. ఒక్క డిస్కు ధర ఒక్కటే చూస్తే అది నిజం. కానీ ఆ డిస్కుకు రెయిడ్‌లో వాటా, బ్యాకప్‌లో రెండో కాపీ, దానికి కరెంటు, చల్లదనం, నాలుగైదేళ్లకు మార్పిడి ఇవన్నీ తోడవుతాయి. అన్నిటికంటే పెద్ద ఖర్చు, చెత్త కూడా అసలు ఫుటేజ్‌తో సమానంగా డిస్కు చేతిని ఆక్రమించడం. రెండర్ క్యాషేలు ఎవరి మెషీన్‌లో వాళ్లే పెట్టుకోవాలన్న ఒక్క నియమంతో రోజువారీ రాతల భారం చాలా తగ్గుతుంది. దానికి జీతమిచ్చి మనిషిని పెట్టనక్కర్లేదు.

పెద్ద డిస్కుల మరో ముఖం డిస్కు పాడైనప్పుడు బయటపడుతుంది. కొత్తది పెట్టాక పాత సమాచారాన్ని మిగతా డిస్కుల నుంచి లెక్కకట్టి రాయాలి. పైన చెప్పినట్టు 20 టెరాబైట్లు రాయడానికే ఒక రోజు దాటుతుంది, పని ఆపకుండా చేస్తే రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మిగతా డిస్కులు అన్నీ ఎడతెరిపి లేకుండా చదువుతూనే ఉండాలి. ఒక్క డిస్కు పోయినా నష్టం లేదని భరోసా ఇచ్చే రెయిడ్ 5 అయితే ఎనిమిదింటిలో మిగిలిన ఏడూ, అంటే 140 టెరాబైట్లు తప్పు లేకుండా చదవాలి. మంచి తరగతి డిస్కులకు కంపెనీ కాగితం మీద ఇచ్చే హామీ సుమారు 125 టెరాబైట్లకు ఒక చదవలేని ముక్క. ఆచరణలో డిస్కులు దానికంటే మెరుగ్గానే ఉంటాయి గానీ, రెండో డిస్కుకు కూడా ఊతమిచ్చే రెయిడ్ 6 లేకుండా ఈ సైజుల్లో ముందుకు పోవడం తగదు. 2020లో ఇంకో సంగతి తేలింది. వరసల మీద వరసలు కొంత కప్పుతూ రాసే ఎస్‌ఎంఆర్ పద్ధతి డిస్కుల్ని ఆ మాట లేబుల్ మీద చెప్పకుండా అమ్మారని బయటపడింది. ఇలాంటి తిరగరాత సమయంలో అవి నీరసపడిపోతాయి. కొనేముందు, వరసలు ఒకదాన్నొకటి కప్పకుండా రాసే సీఎంఆర్ అవునా కాదా అని అడిగి తెలుసుకోవాలి.

డిస్కు పోయేముందు సూచన ఇస్తుందా అంటే, కొన్నిసార్లు. లక్షకు పైగా డిస్కుల్ని గమనించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, తనిఖీలో మొదటి తప్పు కనిపించిన డిస్కు రాబోయే 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటి కంటే 39 రెట్లు ఎక్కువ. అదే పరిశీలనలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన హెచ్చరికలేవీ చూపకుండానే పోయాయని కూడా తేలింది. అందుకే నెలకోసారి మొత్తం చదివించి తనిఖీ చేయడం, హెచ్చరిక వస్తే వెంటనే మార్చడం ఎంత అవసరమో, రెయిడ్‌ను బ్యాకప్ అనుకోకపోవడం అంత అవసరం. పొరపాటున చెరిపేసిన ఫోల్డర్‌ను రెయిడ్ అంతే విధేయంగా అన్ని డిస్కుల మీదా చెరిపేస్తుంది. 2022లో డెడ్‌బోల్ట్ అనే దాడి ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన నాస్ పెట్టెల్లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అప్పుడు రెయిడ్ ఎవరినీ కాపాడలేదు.

దాచుకునే డేటాను క్లౌడ్‌కు పంపితే సరి కదా అనేవారికి ఒక్క లెక్క చాలు. 300 మెగాబిట్ల అప్‌లోడ్ లైను ఒక్క క్షణం ఆగకుండా నడిచినా 40 టెరాబైట్లు ఎక్కడానికి పన్నెండు రోజులు దాటుతుంది, తిరిగి దించుకోవడం మళ్లీ ఇంకో కథ. ప్రాజెక్ట్ ఫైళ్లు, ఫైనల్ మాస్టర్ లాంటి చిన్న భాగానికి క్లౌడ్ మంచి మూడో కాపీ అవుతుంది. రషెస్‌కు ఎల్‌టీఓ టేపే తగినది. తొమ్మిదో తరం టేపు ఒక్కటి 18 టెరాబైట్లు పట్టుకుంటుంది, వరసగా రాస్తే సెకనుకు 400 మెగాబైట్లు తీసుకుంటుంది, పన్నెండున్నర గంటల్లో నిండుతుంది. అలమరాలో ఉన్నంతకాలం కరెంటు తినదు, ఏ వైరస్సూ దాన్ని చేరలేదు. డ్రైవ్ ఖరీదైనదన్నది నిజం. కొత్త తరాల డ్రైవులు చాలా పాత టేపులను చదవవన్నదీ నిజం, కాబట్టి కొన్నేళ్లకోసారి కొత్త టేపులకు మార్చుకునే ఖర్చు ముందే రాసుకోవాలి. ఆ ఖర్చు రాసుకోవలసింది స్టూడియో కాదు, నిర్మాత. సినిమా బడ్జెట్‌లో జూనియర్ ఆర్టిస్టుల టిఫిన్ దాకా పద్దు ఉంటుంది, విడుదల తర్వాత రషెస్ ఎవరి దగ్గర, ఎన్నేళ్లు, ఎవరి ఖర్చుతో ఉండాలన్నదానికి మాత్రం చాలా ఒప్పందాల్లో ఒక్క వాక్యం కనిపించదు. ఆ వాక్యం లేకపోవడం వల్లే స్టూడియోలు దేన్నీ చెరపడానికి ధైర్యం చేయవు, అన్నీ పని చేసే పెట్టెలోనే పేరుకుపోతాయి.

ఈ స్టూడియోకు వచ్చిన కొటేషన్‌లో మొదట ఉన్నది రెండు పెట్టెల్లోనూ 24 టెరాబైట్ల డిస్కులు నింపాలన్న ప్రతిపాదన. కొలతలన్నీ చూశాక యజమాని దాన్ని మార్పించారు. పాత పెట్టె ఒకటి ఉన్న డిస్కులతోనే పూర్తయిన సినిమాలకు కేటాయిస్తారు, రెండోదానికి మెమరీ పెంచి, ప్రాక్సీలకు ఒక జత ఎస్‌ఎస్‌డీలు, డీఐ సూట్‌కు పది గిగాబిట్ల కార్డు వేస్తారు. మిగిలిన డబ్బు టేపు డ్రైవ్‌కు. విడుదలైన మూడు నెలలకు నిర్మాత తరఫు వాళ్ల సంతకం తీసుకుని రెండు టేపులు రాస్తారు, ఒకటి స్టూడియోలో, ఇంకొకటి నిర్మాత ఆఫీసులో. టేపు రాశాక అందులోంచి ఒక రీలును తిరిగి దించి, ప్లే చేసి, అసలు ఫైళ్లతో సరిపోల్చి చూశాకే నాస్‌లోని కాపీని తీసేస్తారు.